పినాక్ గారు చదివిన వ్యాసం

ఇంగ్లండులోని బ్రిస్టల్ శిలాజ సంఘానికి పినాక్ గారు కార్యదర్శి. రాలేకపోయిన సభ్యుల వ్యాసాలను సభలో ఆయనే చదివేవారు. కళ్లద్దాలు కోటు అంచుతో తుడుచుకుని, గ్యాసు దీపం కిందికి జరిగి, ఎవరి వ్యాసమైనా తన సొంతదన్నంత ప్రేమగా చదివేవారు. ఒక గురువారం సభకు అలా వచ్చిన వ్యాసం మాత్రం, రాళ్లలో దొరికే చేప శిలాజాల గురించి ఆయన ఇన్నేళ్లుగా చెబుతున్నదంతా పొరపాటని రుజువు చేసింది.

"ఇంకెవరిచేతైనా చదివిద్దామా?" అని అధ్యక్షుడు మార్చ్‌బ్యాంక్స్ మెల్లగా అడిగారు. "ఎందుకండీ, వాళ్లు చేపల పేర్లన్నీ ఖూనీ చేస్తారు," అన్నారు పినాక్. చదువుతున్నంతసేపూ ఆయన చెవులు కందిపోయి ఉన్నాయి, కానీ ఒక్క వాక్యం కూడా మింగలేదు. గట్టి వాదన వచ్చినచోట గొంతు పెంచి మరీ చదివారు. సమాధానమేమైనా చెబుతారా అని అధ్యక్షుడు అడిగారు. "దీన్ని అచ్చు వేయిద్దామండీ," అన్నారు పినాక్. "మన పత్రిక ఈ సంచికలో నా వ్యాసం తీసేస్తే దీనికి చోటు సరిపోతుంది."