తెలుపు కాని తెల్ల బిళ్ల

చిక్కపేటలో జాకెట్టు గుడ్డల మ్యాచింగ్ షాపులో ఇరవై ఏళ్లకు పైగా పనిచేస్తున్నాను. చీర చూపించగానే దానికి సరిపోయే గుడ్డ అరలోంచి లాగి ముందు పడేస్తాను. నమ్మకం లేకపోతే గుమ్మం దగ్గరికి వెళ్లి పగటి వెలుతురులో చూసుకోమంటాను. రంగు విషయంలో నాతో వాదించి గెలిచిన మనిషి ఇంకా పుట్టలేదు. ఆ గర్వం నాకుంది, దాచుకోను.

అలాంటిదాన్ని రొమ్ము కేన్సర్ పట్టుకుంది. ఆపరేషన్ అయ్యాక రేడియేషన్ మొదలుపెట్టారు. చర్మం కాలి చిట్లితే అది మానేదాకా ట్రీట్‌మెంట్ ఆపాల్సి వస్తుందని, మధ్యలో ఆపడం మంచిది కాదని డాక్టర్ మొదటిరోజే హెచ్చరించాడు. జబ్బు కన్నా ఆ మాటే నన్ను ఎక్కువ భయపెట్టింది.

మూడో వారంలో చంక కింద మంట మొదలైంది. జాకెట్టు తగిలితే ప్రాణం పోయేది. డాక్టర్ వంగి చూసి, "రెడ్‌నెస్ ఏం లేదమ్మా, బాగుంది" అన్నాడు. నాది కారునలుపు. నల్ల గుడ్డ మీద మెరూన్ మరక ట్యూబులైటు కింద ఎవరికి కనిపిస్తుంది?

ఆ ఆసుపత్రిలో రీసెర్చ్ చేసే అమ్మాయి ఒకతె ఉండేది, అనంతపురం వైపు పిల్ల. పెన్నులాంటి గొట్టంతో చర్మం మీద వెలుతురు వేసి, తిరిగొచ్చిన వెలుతురును బట్టి లోపలి ఎరుపెంతో మిషన్‌లో అంకెగా చూసేది. నల్లటి చర్మంలోనూ తెలుస్తుందని చెప్పి మొదటి వారమే నన్ను ఒప్పించింది. రోజూ ముందుగా ఒక తెల్ల బిళ్లకు గొట్టం ఆనించి, తెలుపంటే ఇదీ అని మిషన్‌కు చూపించేది. మిగతా రంగులన్నీ దానితో పోల్చుకోవాల్సిందే.

ఆ రోజు నా ఆశంతా ఆ గొట్టం మీదే. అంకె చూస్తే పోయిన వారం కంటే తగ్గింది.

"నార్మలే ఆంటీ, టెన్షన్ పడకండి."

నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. "అంటే నేను అబద్ధం చెప్తా ఉండానా? నిప్పు పెట్టినట్ల మండతా ఉండాది!"

ఆ పిల్ల బిక్కమొహం వేసింది. తిట్టడానికి ఇంకో మాట వెతుక్కుంటుంటే బల్ల మీది బిళ్ల నా కంట పడింది.

"అమ్మణ్ణీ, ఇది తెలుపు కాదు. హాఫ్ వైట్."

"అది వైట్ రిఫరెన్స్ ఆంటీ. కంపెనీ నుంచే అట్ల వస్తుంది."

"కంపెనీ సంగతి నాకొద్దు. కిటికీ కాడికి తీసుకురా."

తెచ్చింది. పక్కన కొత్త దూది పెట్టి చూపించాను. బిళ్ల నడిమధ్యన, సరిగ్గా గొట్టం ఆనించే చోట, టీ నీళ్లు ఒలికినట్టు పచ్చబడి ఉంది. పేషెంట్లు రాసుకునే పూతలు గొట్టానికి అంటుకుని, అక్కడి నుంచి బిళ్లకు ఎక్కాయి. రోజుకింత మారడంతో ఆ పిల్ల కంటికి ఆనలేదు. తెలుపే మాసిపోతే నా ఎరుపు తక్కువగా కనిపించక ఏమవుతుంది?

బీరువాలోంచి కొత్త బిళ్ల తీసి మళ్లీ చూసింది. అంకె ఎగిరి ఎక్కడో కూర్చుంది. "సారీ ఆంటీ, సారీ" అంటోంది పాపం, మొహం పాలిపోయి. నేను చప్పట్లు కొట్టాను. ఒళ్లు కాలిందని రుజువైతే సంబరపడిన మనిషి ఆ ఆసుపత్రిలో నేనొక్కదాన్నే అయి ఉంటాను.

పొరపాటు తనదేనని ఆ పిల్లే డాక్టర్ దగ్గరికి వెళ్లి చెప్పింది. అది నాకు భలే నచ్చింది. ఆయన అంకె చూశాడు, నన్ను చూశాడు. ఆ పూటే మందు మార్చి, చర్మం చిట్లకముందే మెత్తటి పట్టీ వేయించాడు. మంట పూర్తిగా పోలేదు కానీ అక్కడితో ఆగింది.

చివరి సిట్టింగ్ రోజు డాక్టర్ మళ్లీ వంగి చూశాడు.

"ఎక్కడా చిట్లలేదమ్మా. ఒక్కరోజు కూడా ఆపకుండా ముగించేశాం."

కళ్లలో నీళ్లు తిరిగాయి. అయినా నా నోరు ఊరుకుంటుందా?

"మీ కంటితో చూసి చెప్తే నేను ఒప్పుకోను సార్. మిషన్ పెట్టి చెప్పండి."

నర్సులంతా నవ్వారు. ఆయనా నవ్వుతూనే లేచి, ఆ అమ్మాయిని పిలుచుకురావడానికి తనే వెళ్లాడు.