నెలకో వంక

మా పాప వదిలిన కాగితం పడవ వెనక్కి తిరిగి వచ్చినప్పుడు నాకు మొదటిసారి భయం వేసింది.

అప్పటిదాకా నేనూ నవ్వుతూనే ఉన్నాను. మధ్యాహ్నం మొదలైన వాన, బడి వదిలే వేళకు కాస్త సన్నబడింది. పిల్లలిద్దరూ సంచులు వరండాలో పడేసి, పాత నోటుపుస్తకం చింపి పడవలు చేసుకున్నారు. మా ఇంటి ముందున్న సిమెంటు కాలువ అంట్లు తోమిన నీళ్ళు తప్ప వేరే నీళ్ళు ఎరగదు. ఆ రోజు అంచుల దాకా పారుతోంది. పాప పడవ వదిలింది. అది మా ఇంటి మూల దాకా, కాలువ వెళ్ళి వంకలో కలిసే చోటి దాకా హుషారుగా పోయింది. అక్కడ ఆగింది. తన చుట్టూ తాను ఒకసారి తిరిగింది. తర్వాత, ఎవరో పిలిచినట్టు, మెల్లగా మా వైపు రావడం మొదలుపెట్టింది.

"అమ్మా, నా పడవ ఇంటికొస్తాండాది!" అని పాప చప్పట్లు కొట్టింది. దాని తమ్ముడు గంతులు వేశాడు.

పల్లానికి పోవాల్సిన నీళ్ళు మిట్టకు ఎక్కుతున్నాయంటే కింద ఎక్కడో దారి మూసుకుపోయినట్టే. మాది లేఅవుట్లో చివరి వరస, చివరి ఇల్లు. మా తర్వాత ఉన్నది వంక ఒక్కటే, ఎప్పుడూ ఎండి ఉండే వాగు.

భయపడడం నాకు కొత్త కాదు. గ్యాసు కట్టేశానని తెలిసీ మళ్ళీ లేచి చూస్తాను. నిద్రపోతున్న పిల్లల ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తాను. "భయపడేదానికి జీతమిచ్చే కంపెనీ ఉంటే మనం ఇంకో సైటు కొందుము" అంటాడు మా ఆయన. ఆయన సోలార్ పార్కులో అద్దాలు కడిగే వాళ్ళ మీద సూపర్‌వైజరు. వల్లూరు దగ్గర మా వేరుశనగ చేను కూడా ఆ పార్కుకే కౌలుకు పోయింది. ఆ డబ్బుతో, కొంచెం అప్పుతో, కర్ణాటక పావగడ అంచున ఈ లేఅవుట్లో సైటు కొని ఇల్లు కట్టుకున్నాం. వంక పక్కన కాబట్టి చవకగా వచ్చింది. వంక పక్కన ఇల్లు ప్రమాదం కాదా అని నేను అడిగితే సైటు అమ్మినాయన పడీ పడీ నవ్వాడు. "వాన పడితే గదమ్మా వంక! ఈడ వంకంటే మేకలు పోయే దావ."

ఆయన అన్నది అబద్ధం కాదు. మేము వచ్చిన నాటి నుంచి ఆ వంకలో ఇసుక, రాళ్ళు, సీమజాలి కంపలు తప్ప ఏమీ చూడలేదు. పిల్లలు అందులో గోలీలు ఆడేవాళ్ళు. మా అత్త తన మేకల మేతకని కొన్న వేరుశనగ కట్టెను, అంటే కాయలు కోసిన ఎండు తీగను, అందులోనే వామి వేసి, పైన టార్పాలు కప్పి, తాడుతో బిగించేది. గాలి తగలదు, ఎండ తగలదు, ఇంటికి దగ్గర. అంతకంటే మంచి చోటు ఇంకేముంటుంది?

ఈ లేఅవుట్‌కు ఒక సంఘం ఉంది. ఇల్లున్న ప్రతివాళ్ళూ నెల నెలా డబ్బు కట్టాలి. మొదట వీధి దీపాలకూ, వాచ్‌మన్‌కూ అని కొద్దిగా ఉండేది. తర్వాత ఫిల్టరు నీళ్ళ షెడ్డు అని పెంచారు. దానికి నేను నోరెత్తలేదు. నా పళ్ళ మీద గోధుమరంగు చారలున్నాయి. ఇక్కడి ఫ్లోరైడు బోరు నీళ్ళు తాగి పెరిగిన వాళ్ళం చాలామందిమి ఫోటోలో నోరు మూసుకునే నవ్వుతాం. నా పిల్లల పళ్ళు తెల్లగా ఉన్నాయి. ఆ తర్వాత లేఅవుట్ మొదట్లో స్వాగత కమాను కట్టి, రంగు దీపాలు పెట్టి, మళ్ళీ పెంచారు. ఆపైన వంక శుభ్రం చేయించడానికని ఇంకోసారి. ఈ ఏడు ఆ వంకకే మళ్ళీ పెంచుతామన్నారు. కౌలు డబ్బు ఎంత మెల్లగా పెరుగుతుందో ఇది అంత తొందరగా పెరుగుతోంది. ఎదురింటామె కట్టడమే మానేసింది.

సంఘం ప్రెసిడెంటు ఒక రిటైరైన టీచరమ్మ. పోయిన ఆదివారం డబ్బు కోసం ఇంటికి వచ్చింది. మా అత్త వరండాలో కూర్చుని వక్కాకు నములుతోంది.

"ఏమమ్మా టీచరమ్మా, నెలకొక వంక పెడ్తాండావే! ఈ నెల ఏ వంకా దొరకలేదని వంకనే పట్టుకుంటివా?"

"వంకలు పెట్టేది అత్తల పని గదక్కా. నాకు కోడలు యాడుండాది?"

నేను నవ్వు కనపడకుండా వంటింటి వైపు తిరిగాను.

"చుక్క వాన లేని సీమలో వంక తోమేదానికి దుడ్డా? రేపు సముద్రం తోమల్ల అంటావు. మా ఇంట్లో మేమే బాడుగకుండినట్ల అయింది."

"సరేలే, సముద్రం వచ్చినప్పుడు చూద్దాం. ముందు నీ కట్టె ఆ వంకలోంచి తియ్యి. ఎన్నిసార్లు చెప్పల్ల?"

"మేకలు సంగం మెంబర్లు కాదులేమ్మా. వాటికి రూల్సు తెలీవు."

ఆమె పోయాక అత్త నాతో గట్టిగా చెప్పింది. "ఏమ్మే, వచ్చే ఆదివారం మీటింగుకు నువ్వే పోవల్ల. చదువుకున్నదానివి, కన్నడంలో కూడా గట్టిగా మాట్లాడతావు. వంక దుడ్డు మేము ఇయ్యము అని చెప్పిరా. ఇంగా నలుగురు మనతో ఉండారు." నేను సరేనన్నాను. ఆ మాటలో నాకు తప్పేమీ కనపడలేదు. ఎండిన ఇసుక మీద డబ్బు పోయడమెందుకు అని నాకూ అనిపించింది.

ఆ ఆదివారం ఇంకా రాలేదు. వాన వచ్చింది. పడవ తిరిగి వచ్చింది.

పిల్లలిద్దరినీ చెరో చేత్తో పట్టుకుని, వీధి దాటి, ఎదురింటామెకు అప్పగించి, మిద్దె మీదికి తీసుకుపొమ్మన్నాను. ఆమె వెంటనే ఇద్దరినీ మెట్లెక్కించింది. నా మొహం చూస్తే అర్థమైనట్టుంది. తిరిగి వచ్చి పెరటి తలుపు తీశాను.

వంక లేదు. దాని చోట ఒక చెరువు ఉంది. ఎర్రగా, చిక్కగా, చప్పుడు లేకుండా మా కాంపౌండు గోడను ఆనుకుని నిలబడి ఉంది. చూస్తుండగానే గోడ మీద ఒక ఇటుక మునిగింది, ఇంకో ఇటుక మునిగింది. మేకలు తాళ్ళు తెంపుకునేలా అరుస్తున్నాయి. అత్త వాటిని విప్పుతూ తలెత్తి, "నా కట్టె!" అంది. వామి ఉన్న చోట నీళ్ళు తప్ప ఏమీ లేవు.

ఒక్క క్షణం తర్వాత ఆమె నా వంక చూసింది. కట్టె ఎక్కడికి పోయి ఉంటుందో ఇద్దరికీ ఒకేసారి తట్టింది. మా ఇల్లు దాటగానే వంక రోడ్డు కిందికి దూరిపోయే మోరి ఉంది. పోతే అక్కడికే పోవాలి.

నేను టీచరమ్మకు ఫోన్ చేశాను. ఏం చెప్పానో గుర్తులేదు. ఫిల్టరు నీళ్ళు వదిలే వేళ చెప్పడానికి షెడ్డు మీద సంఘం ఒక మైకు పెట్టింది. దాన్ని కూడా మేము చాలా ఎగతాళి చేశాం. అందులోంచి ఆమె గొంతు వినిపించింది. "వంక వచ్చినాది. వంక వచ్చినాది. అందరూ మోరి కాడికి రాండి. గడ్డపారలు, తాళ్ళు, దోటీలు ఏముంటే అవి ఎత్తుకోని రాండి. పిల్లోళ్ళని మిద్దెల మీద ఇడిసి రాండి."

డబ్బు కట్టేవాళ్ళు వచ్చారు, కట్టనివాళ్ళు వచ్చారు. రోడ్డు మీద నిలబడి కిందికి చూస్తే, మా అత్త వామి టార్పాలుతో సహా చెక్కుచెదరకుండా వచ్చి, సీసాకు బిరడా బిగించినట్టు మోరి నోట్లో ఇరుక్కుని ఉంది. వెనక నీళ్ళు పోగవుతున్నాయి. ఒకాయన లుంగీ ఎగ్గట్టి దిగబోయాడు. టీచరమ్మ ఆయన చొక్కా పట్టుకుని వెనక్కి లాగింది. "ఎవురూ దిగగూడదు! రోడ్డు మీంచే లాగండి!"

మేకలకు కొమ్మలు వంచే దోటిని భుజాన వేసుకుని మా అత్త అందరినీ తోసుకుంటూ ముందుకు వచ్చింది. "జరగండప్పా. ఆ ముడి ఏసింది నేను. నేనే ఇప్పల్ల." దోటి కొక్కేన్ని తాడుకు తగిలించి ఒక గుంజు గుంజింది. రాలేదు. వెనక నేను ఆమె నడుము పట్టుకున్నాను. నన్ను ఇంకెవరో పట్టుకున్నారు. అందరం కలిసి లాగాం. తాడు తెగి టార్పాలు లేచింది. మిగతావాళ్ళు గడ్డపారలతో, కర్రలతో తడిసిన కట్టెను పొడుస్తూ, లాగుతూ ఉన్నారు. నేను మాటిమాటికీ తిరిగి మా గోడ వైపు చూస్తున్నాను. అది కూలితే తర్వాత ఉన్నది పిల్లలు పడుకునే గది.

అప్పుడు భూమి లోపల ఎవరో పెద్దగా ఊపిరి పీల్చుకున్న చప్పుడైంది.

మా కాళ్ళ కింద రోడ్డు అదిరింది. వామి లోపలికి పోయింది. అవతలి వైపు నుంచి నీళ్ళు ఎగిరి పడ్డాయి. అందరం ఆ పక్కకు పరుగెత్తాం. వంక పారుతోంది. మేకల దారి, గోలీల దారి, మా ఎగతాళి అంతా కప్పేసి, రెండు ఒడ్లూ తనవే అన్నట్టు పారుతోంది. సుడులు తిరుగుతూ, నురగలు కక్కుతూ, ఎక్కడో కొండల్లోని ఎర్రమట్టి వాసన మోసుకొస్తూ. మబ్బు పడమట చీలి పొద్దు ఆ నీళ్ళ మీద పడింది. నేను పుట్టిన తాలూకాలో ఇన్ని నీళ్ళు ఒకే వైపు కదలడం నేను ఎప్పుడూ చూడలేదు. భయం ఎప్పుడు పోయిందో తెలియదు. దాని చోట వచ్చినదానికి నాకు పేరు తెలియదు. గుడిలో హారతి ఇచ్చేటప్పుడు గంట ఆగాక ఉండే నిశ్శబ్దం లాంటిది.

అత్త దోటి కింద పడేసి, చెంగులోని వక్కాకు తీసి నీళ్ళలోకి విసిరి చేతులు జోడించింది. "తల్లీ గంగమ్మా, నీ దావలో కట్టె ఏసినా. మనసులో పెట్టుకోవద్దు."

కాసేపటికి వెనక నుంచి ఎవరో అన్నారు. "ఏమవ్వా, ఈ నెల వంక ఎట్లుండాది?"

రోడ్డంతా నవ్వింది. అత్త కూడా నవ్వింది. టీచరమ్మ ఆమె భుజం మీద చెయ్యి వేసి, "ఎండాకాలం సంగం దుడ్డుతో ఆ జాలి కంపలు కొట్టించకుండా ఉంటే నీ కట్టె ఈడిదాకా గూడా వచ్చేది కాదక్కా. మీ గోడ కాడనే చిక్కుకునేది" అంది. గెలిచిన గొంతు కాదు అది.

ఇంటికి వచ్చేసరికి మా ఆయన ఫోన్. "అద్దాలన్నీ తళతళా మెరుస్తాండాయి. యాడ చూసినా ఆకాశమే కనపడతాది. రేపు మాకు పనే లేదు. ఆడ వాన ఎట్లుండాది?" "వచ్చి చూడు" అన్నాను.

ఇప్పుడు అందరూ నిద్రపోయారు. కిటికీ తెరిచి రాస్తున్నాను. వంక పారే చప్పుడు వినిపిస్తూనే ఉంది. ఆదివారం మీటింగులో ఏం చెప్పాలో ఆలోచిస్తున్నాను. కమాను మీది రంగు దీపాలు దండగ అని ఇప్పటికీ అంటాను, లేచి నిలబడి అంటాను. పెంచేటప్పుడు ఎందుకో ముందే అందరికీ చెప్పమని కూడా అడుగుతాను. వంకకు పెంచింది మాత్రం కడతాను. ఏళ్ళ తరబడి ఏమీ రాని చోటును ఏటేటా ఊడ్చి పెట్టుకోవడం ఎంత వింత పని! ఎప్పుడు వస్తారో తెలియని చుట్టం కోసం రోజూ మంచం వేసి ఉంచినట్టు. ఆ పనికి డబ్బు ఎక్కువా తక్కువా అని నేను లెక్క వేయలేను. కాంపౌండు గోడ మీద తడి గీత ఎక్కడి దాకా ఉందో మాత్రం చూశాను. పిల్లల గది కిటికీ ఎత్తుకు జానెడు కింద ఆగింది.

ఇందాక పడుకునే ముందు అత్త చీకట్లోంచి అడిగింది. "ఏమ్మే, ఆదివారం వాళ్ళని అడుగు. ఫిల్టరు షెడ్డు పక్కన కట్టె ఏసుకునేదానికి రవ్వంత జాగా ఇస్తారేమో. దానికి దుడ్డు కావల్లంటే కడదాం."

తెల్లవారింది. ఈ చివరి ముక్క టీ పెట్టుకుని రాస్తున్నాను. వాన లేదు, వంక ఇంకా పారుతోంది. మా పాపకు బడికి పోవడమంటే రోజుకో వంక. కడుపు నొప్పి, సాక్సు తడి, పెన్సిలు పోయింది. ఈ రోజు నేను లేపకముందే లేచి, తమ్ముణ్ణి లేపి, ఇద్దరూ కిటికీ పట్టుకుని వేలాడుతున్నారు. "అమ్మా, నా పడవ యాడికి పోయినాది?" అని పాప అడిగింది.

"వంకతో పోయినాది," అన్నాను. "చెప్పులు ఏసుకోండి, ఈ పొద్దు ఇస్కూలు వద్దు. అవ్వ చెయ్యి పట్టుకోని, రోడ్డు మీద నిలబడి చూస్తాము. రేపు మిస్ అడిగితే వంక వచ్చినాదని చెప్పండి. మీరు రోజూ చెప్పే వంక కాదు, నీళ్ళుండే వంక అని చెప్పండి."