మూడోసారి అడగాలి

ట్రే మీది మూత తీయగానే ఉడికిన బీన్స్ ఆవిరి నా కళ్ళజోడును కమ్మేస్తుంది. ఉప్పూ పోపూ లేని ఆ వాసన ఇంకెవరికైనా ఆసుపత్రిని గుర్తుచేస్తుందేమో, నాకు మాత్రం రూతమ్మ ఆంటీ గుర్తొస్తారు. నేను పనిచేసే వృద్ధాశ్రమం వంటగదిలో మూడు పూటలా ఇదే వాసన. మూడు పూటలా ఆవిడ నా పక్కన నిలబడి, "ఏంటే, ఆ మెతుకులు ఎందుకు మిగిలాయో అడిగావా?" అంటున్నట్టే ఉంటుంది. ఇన్నేళ్ళయినా ఆ గొంతు కోసం నా చెవులు వెతుక్కుంటూనే ఉన్నాయి.

ఎనభైల మొదట్లో మిషిగన్‌లో పోషకాహార శాస్త్రంలో డిగ్రీ చదివాను. ఐదేళ్ళ వయసులో అమ్మానాన్నలతో అమెరికా వచ్చి, అక్కడి ఫార్మింగ్టన్ హిల్స్‌లో పెరిగినదాన్ని. నా తెలుగు ఇంటి గడప దాటేది కాదు. నేను డాక్టర్నవుతానని ఆశపడ్డ నాన్న, "వంటలు నేర్చుకోడానికి యూనివర్సిటీ ఎందుకమ్మా, ఇంట్లో మీ అమ్మ లేదూ?" అనేవారు. మా వీధి చివర ఉండే రూతమ్మ ఆంటీ ఆ మాట విని ఊరుకోలేదు. ఆవిడది నరసాపురం. దగ్గర్లోని ఆసుపత్రిలో డైటీషియన్. ఆదివారాలు వాళ్ళ బేస్‌మెంట్‌లో తెలుగు ప్రార్థన జరిగేది, అయ్యాక వచ్చినవాళ్ళందరికీ కోడిపులుసు. "అన్నయ్యగారూ, రోగికి మందు రాసేవాడుంటే చాలదండీ, ముద్ద దిగేలా చూసేవాళ్ళూ కావాలి. సుధని నాకొదిలెయ్యండి" అన్నారు. మూడో సంవత్సరం ప్రాక్టికల్స్‌కి ఆవిడ దగ్గరే చేరాను.

ఆవిడ పద్ధతే వేరు. ట్రేలు వంటగది నుంచి వార్డులకి వెళ్ళేటప్పుడు అందరూ చూస్తారు, తిరిగొచ్చేటప్పుడు చూడాలనేవారు. రోజూ మధ్యాహ్నం నన్ను ఎంగిలి ట్రేల ముందు నిలబెట్టి ఎవరు ఏది వదిలేశారో రాయించేవారు. బయోకెమిస్ట్రీలో 'ఎ' గ్రేడ్ తెచ్చుకున్న నాకు ఇదేం ఖర్మరా బాబూ అని ఒళ్ళు మండేది. "ఆంటీ, కేలరీలన్నీ నేను కాలిక్యులేట్ చేయగలను" అంటే, "చేస్తావులే. తినకపోతే నీ కేలరీలు ట్రేలోనే ఉంటాయి తల్లీ, వాళ్ళ కడుపులోకి పోవు" అని నవ్వేసేవారు.

ఆ చలికాలం, కూతురి పురుడు పోయడానికి ఏలూరు నుంచి వచ్చిన ఒక పెద్దావిడ మంచు మీద జారి తుంటి విరగ్గొట్టుకుని మా ఆసుపత్రిలో చేరారు. ఇంగ్లీషు రాదు. కూతురు పచ్చి బాలింత, ఇల్లు కదల్లేదు. అల్లుడొస్తే ఆవిడ ముడుచుకుపోయి నోరు విప్పేవారు కాదు. తెలుగు వచ్చని నన్ను పంపారు. మెత్తటి అన్నం, చప్పటి పెరుగు ఏర్పాటు చేయించి, "అమ్మమ్మగారూ, తింటారా?" అన్నాను. "వద్దమ్మా" అన్నారు. సరేనని కాగితం మీద 'వద్దన్నారు' అని రాసి వచ్చేశాను. రోగి ఇష్టాన్ని గౌరవించాలని క్లాసులో నేర్పారు మరి! అలా మూడు రోజులు ఎంతో మర్యాదగా ఆవిణ్ణి పస్తు పెట్టాను. నాలుగో రోజు డాక్టరు ముక్కులోంచి గొట్టం వేయాలన్నాడు. కాగితం పట్టుకుని ఆంటీ దగ్గరికి పరుగెత్తాను.

రూతమ్మ ఆంటీ నా కాగితం తిరగేసి, "పూటకి ఎన్నిసార్లు అడిగావే?" అన్నారు.

"వన్స్ ఆంటీ. వద్దన్నారుగా."

ఆవిడ తల పట్టుకున్నారు. "నీ తెలివి తెల్లారినట్టే ఉంది! మనవాళ్ళు మొదటిసారి మొహమాటానికి వద్దంటారే. రెండోసారి, నిజంగానే పెడతావా అని చూస్తారు. మూడోసారికి గానీ ఆకలి బయటికి రాదు."

వెళ్ళి మంచం పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నారు. ఏ తొందరా లేనట్టు పెరుగన్నం కలిపారు.

"వద్దమ్మా" అన్నారు పెద్దావిడ.

"కొంచెమే పిన్నిగారూ."

"నీకెందుకు తల్లీ శ్రమ, వద్దులే."

"నా మాట కోసం ఒక్క ముద్ద."

పెద్దావిడ నోరు తెరిచారు. గిన్నె ఖాళీ అయ్యాక దుప్పటి అంచుతో కళ్ళొత్తుకుంటూ, "ఒకసారి అడిగి వెళ్ళిపోతే ఎలా తింటానమ్మా? నేనేమన్నా తిండికి మొహం వాచానా?" అన్నారు. సిగ్గుతో చచ్చిపోయాను. గొట్టం అవసరం మాత్రం రాలేదు.

డిగ్రీ అయ్యి, శిక్షణ ముగిశాక టెక్సాస్‌లో ఉద్యోగం వచ్చింది. చేరిన కొన్నాళ్ళకే ఆంటీకి కేన్సరని అమ్మ చెప్పింది. వెంటనే ఫోన్ చేశాను. గొంతు పీలగా ఉంది కానీ వెటకారం తగ్గలేదు. "ఆసుపత్రిలో డైటీషియన్ పిల్ల ఒక్కసారే అడిగి పోతోందే" అని నవ్వారు.

"సెలవు పెట్టుకుని రానా ఆంటీ?"

"ఎందుకులేవే, వద్దు. కొత్త ఉద్యోగం, ఏమనుకుంటారో."

"సరే ఆంటీ" అన్నాను.

నెల తిరక్కుండానే పోయారు. సమాధి దగ్గర ఆవిడ భర్త డేవిడ్ అంకుల్ నా చెయ్యి పట్టుకుని, "శుక్రవారం వస్తే చాలు, పెరుగు తోడెయ్యమనేదమ్మా, శని ఆదివారాలు సెలవుగా, సుధ వస్తుందేమోనని" అన్నారు. ఆయన మామూలుగానే అన్నారు. నాకు ఆ క్షణంలో భూమి చీలితే బాగుండుననిపించింది.

ఇప్పుడు నా దగ్గర నేర్చుకునే పిల్లలు ఎవరో వద్దన్నారని ట్రే వెనక్కి తెస్తే మళ్ళీ పంపుతాను, మళ్ళీ తెస్తే నేనే తీసుకెళ్ళి మంచం పక్కన కూర్చుంటాను. తెల్లవాళ్ళయినా నల్లవాళ్ళయినా చాలామంది మూడోసారికి చెంచా అందుకుంటారు.

రూతమ్మ ఆంటీని మాత్రం నేను ఒక్కసారే అడిగాను.