ఆకుపచ్చ మూత డబ్బా

మా అమ్మాయి ఎయిర్ రైఫిల్ పెట్టె భుజాన తగిలించుకుని జమ్మలమడుగు బస్టాండులో నిలబడితే, చూసినవాళ్లంతా అది చర్చిలో వాయించే కీబోర్డు అనుకుంటారు. తాతల కాలం నుంచీ మాది చర్చి కుటుంబమని ఊరందరికీ తెలుసు. "పాటలు నేర్చుకునేకి పోతాండావా పాపా?" అని కండక్టర్ అడిగితే తను తలూపి ఊరుకుంటుంది. నిజం చెబితే పులివెందులలో దిగేదాకా ప్రశ్నలు ఆగవని దానికి అనుభవం.

పులివెందులలో పాత వేరుశనగ గోడౌనొకటి పది మీటర్ల రేంజి అయింది. సైన్యంలో సుబేదారుగా చేసి రిటైరైన ఒకాయన అక్కడ పిల్లలకు గురి నేర్పిస్తాడు. మా అమ్మాయి నాలుగేళ్లుగా వెళుతోంది. కిందటేడు రాష్ట్ర జట్టు ఎంపికలో ఒక్క పాయింటు తేడాతో ఆగిపోయింది. ఆ రోజు నేను దాన్ని ఓదార్చలేదు. నేను లెక్కల టీచర్ని, ప్రతి పనికీ ఒక గడువు ఉండాలనేది నా జబ్బు. పాత క్యాలెండర్ కాగితం వెనక "వచ్చేసారి ఎంపిక కాకపోతే రైఫిల్ మానేసి బి.ఇడి. చదువుతాను" అని దాని చేతనే రాయించి, సంతకం పెట్టించి, ఫ్రిజ్ మీద అంటించాను. ఏడాదంతా పాల గిన్నె తీసినప్పుడల్లా ఆ కాగితం ఇద్దరికీ కనబడుతూనే ఉంది.

ఈసారి ఎంపికకు పది రోజులుందనగా కొత్త చిక్కు వచ్చిపడింది. తను ఎప్పుడూ వాడే రకం పెల్లెట్లు దొరకడం లేదు. వాటి బదులు సుబేదారు రెండు వేరే కంపెనీల డబ్బాలు తెప్పించి ఇచ్చాడు. ఒకదాని మూత ఆకుపచ్చ, ఇంకోదాని మూత నీలం. మిగతా అంతా ఒకటే. ఒక్కో డబ్బాలో ఐదువందల సీసపు గుండ్లు, అదే సైజు, అదే బరువు. ముందు బల్లపరుపు ముఖం, నడుము సన్నం, వెనక పావడా అంచులాగా పల్చటి రేకు. స్టాఫ్‌రూములో బల్ల మీద రెండు రకాలూ నాలుగేసి పోసుకుని, చత్వారం కళ్లద్దాలు పెట్టుకుని చూశాను. కాసేపటికి ఏది ఏ డబ్బాదో నాకే తెలియకుండా పోయింది.

మా అమ్మాయి రెండు రకాలూ కొన్ని కాల్చి చూసింది. "ఏమీ తెలిసిరాలేదుమా. పక్కకు పోతే తప్పు నా చేతిదో గుండుదో ఎట్ల చెప్పేది?" అంది. ఆ మాటే సుబేదారును అడిగితే, "శనివారం రండి. రైఫిల్‌ను బల్లకు బిగించి కాలుద్దాం. అప్పుడు మనిషి తప్పు ఉండదు" అన్నాడట.

శనివారానికి ఇంకా నాలుగు రోజులుంది. ఓపిక అనేది మా ఇంటా వంటా లేదు. పైగా నేను పుట్టి పెరిగింది ప్రొద్దుటూరులో. బంగారం అంగళ్ల మధ్య పెరిగినవాళ్లకు మనిషి మాట కంటే తక్కెడ మాట మీద నమ్మకం ఎక్కువ. బుధవారం తను కాలేజీకి వెళ్లగానే రెండు డబ్బాలూ సంచిలో వేసుకుని ప్రొద్దుటూరు బస్సెక్కాను.

నా పెళ్లి ఉంగరం చేసిన ఆచారి ఇంకా పని మానలేదు. డెబ్బై దాటినా బంగారం వీధి వెనక సందులో, అదే చాప మీద, అదే కుంపటి ముందు కూర్చుంటాడు. గాజు పెట్టెలో ఉండే త్రాసు మాత్రం కొత్తది. ఊపిరి తగిలినా దాని అంకె కదులుతుంది. నేను సంగతి చెబితే ఆయన నవ్వి, ఒక గుండును చిమటాతో పట్టుకుని, "నాలుగున్నర గురిగింజలెత్తు ఉంటాదమ్మా" అన్నాడు. తర్వాత త్రాసు మీద పెట్టాడు. పాత గురిగింజల లెక్కకూ కొత్త త్రాసు లెక్కకూ వెంట్రుక వాసి తేడా లేదు. ముప్పై ఏళ్లుగా లెక్కలు చెబుతున్నదాన్ని, నోరు తెరుచుకుని చూస్తూ ఉండిపోయాను.

ఒక్కో డబ్బాలోంచి ఇరవై తూచాడు. నీలం మూతవి ఇరవైకి ఇరవై ఒకే తూకం. ఆకుపచ్చవి చివరి అంకె దగ్గర కిందికీ పైకీ ఊగాయి. "తూకం తప్పితే సరుకు తప్పినట్టే" అని ఆయన తీర్పు చెప్పేశాడు. నాకు కావలసింది కూడా అదే. "అయితే ఈ ఆకుపచ్చది మాకెందుకు? మీరే ఉంచుకోండి" అన్నాను. వెండి ధూళిని శుద్ధి చేసేటప్పుడు సీసం కావాలట. ఆయన సంతోషంగా పక్కన పెట్టుకున్నాడు. ఇంటికొచ్చే దారంతా నన్ను నేను మెచ్చుకుంటూనే ఉన్నాను.

శనివారం పులివెందుల బస్సులో ఆ సంగతి చెప్పాను. మా అమ్మాయి ముఖంలో రంగు మారింది. "నన్ను అడగకుండానా?" అంది. అంతే. పెట్టెను ఒళ్లోకి లాక్కుని కిటికీ వైపు తిరిగి కూర్చుంది.

రేంజిలో సుబేదారు రైఫిల్‌ను చెక్క దిమ్మెల మధ్య కదలకుండా బిగించాడు. ముందు నీలం మూతవి ఐదు కాల్చాడు. గురి అట్ట తెచ్చి చూస్తే ఐదు రంధ్రాలు రూపాయి బిళ్లంత మేర చెదిరి ఉన్నాయి. "ఆకుపచ్చవి ఇయ్యి" అన్నాడు. నేను తల దించుకున్నాను. అప్పుడు మా అమ్మాయి పెట్టె మూలలో వెతికి, కిందటిసారి మిగిలినవి ఉన్న చిన్న డబ్బీ తీసింది. అందులో సరిగ్గా పది ఉన్నాయి.

ఐదు కాల్చారు. అట్ట దగ్గరికి నేనే వెళ్లాను. మొదట నాలుగు గుండ్లు అట్టకు తగలనే లేదనుకున్నాను. ఉన్నది ఒకే ఒక్క రంధ్రం. దాని అంచు కొంచెం నలిగి ఉంది తప్ప, రెండో గుండు పోయిన గుర్తే లేదు. "సరిగ్గా చూడమ్మా, ఐదూ ఆడనే పోయినాయి" అన్నాడు సుబేదారు. మిగిలిన ఐదూ కాల్చాడు. మళ్లీ ఒకటే రంధ్రం. పది మీటర్ల దూరంలో, కంటికి ఆనని చోట, సీసపు ముక్కలు ఒకదాని వెనక ఒకటి ఒకే వాకిట్లోంచి వెళ్లిపోయాయి. నేను పనికిరావని పారేసి వచ్చినవి ఇవే.

"గుండు బాగుండాదా లేదా అని తక్కెడను అడిగితే ఏం లాభం? రైఫిల్ గొట్టాన్ని అడగల్ల. ఒక్కో గొట్టానికి ఒక్కో గుండు పడతాది. దానికి ఏది నచ్చితే అదే పెట్టల్ల, మనమెవురు చెప్పేకి?" అన్నాడు సుబేదారు.

కొత్త డబ్బా తెప్పించాలంటే రెండు వారాలు పడుతుంది. ఎంపికకు ఉన్నది వారమే. ఆచారికి ఫోన్ చేశాను. పనిలో కూర్చుంటే ఆయన ఫోనెత్తడు. ఇద్దరం ప్రొద్దుటూరు బస్సెక్కాం. నేను కిటికీలోంచి బయటికి చూస్తూ ప్రార్థన చేస్తూనే ఉన్నాను. సీసం కరగడానికి ఎంత వేడి కావాలో, సైన్సు టీచరు రాని రోజుల్లో నేను పిల్లలకు చెప్పిన పాఠమే. అది చాలా తక్కువ వేడికే కరిగిపోతుంది.

సందులో అడుగు పెట్టేసరికి కుంపటి ఎర్రగా ఉంది. పక్కన ఆకుపచ్చ మూత బోర్లా పడి ఉంది. డబ్బా ఖాళీగా ఉంది. "ఆచారీ, కరగబెట్టేసినారా?" అన్నాను.

ఆయన తలెత్తి, చాప కింది నుంచి నగలు చుట్టే గులాబీ రంగు కాగితం పొట్లాలు తీశాడు. ఏడు పొట్లాలు. ఒక్కోదాని మీద పెన్సిలుతో తూకం రాసి ఉంది.

"మూసలో పోసినా తల్లీ. నిప్పు మీద పెట్టే ముందర ఊరికే ఒకటి తీసి భూతద్దం కింద చూసినా" అన్నాడు. ఆ భూతద్దాన్ని మా అమ్మాయి చేతికిచ్చాడు. "వెనక రేకు అంచు చూడు పాపా. యాభై ఏండ్ల సంది పని చేస్తాండా. ఇంత గుండ్రంగా నాకు ఒక్కసారీ రాలే. మొన్న ఇరవై తూచి తీర్పు చెప్పేస్తి, తప్పు నాదే. అన్నీ తూచి, ఏ తూకానివి ఆ పొట్లంలో కట్టినా. ఇట్లాంటి పనిని కరగబెట్టే చెయ్యి నాకు లేదమ్మా."

మూడు రోజులు. ఐదువందలకు కొద్దిగా తక్కువ గుండ్లు. డెబ్బై దాటిన మనిషి, ఎవరూ అడగకుండా, ఒక్కొక్కటీ చిమటాతో ఎత్తి, ఊపిరి బిగబట్టి తూచాడు. ఆయన వేళ్ల వైపు చూశాను. ముదిరిన గోళ్లు, కాలిన మచ్చలు, వణుకు మాత్రం లేదు. నాకు ఏడుపొచ్చింది. సిగ్గుపడకుండా ఏడ్చాను. మా అమ్మాయి ఆ పొట్లాలను రెండు చేతులా అందుకుని, "తాతా, వీటిలో ఒక్కటి కూడా ఊరికే కాల్చను" అంది. ఆయన పకపకా నవ్వి, "కాల్చేకే కదమ్మా చేసింది" అన్నాడు.

జమ్మలమడుగు చేరేసరికి ఇంకా ఎండ ఉంది. తను కాళ్లు కడుక్కోవడానికి వెళ్లింది. నేను ఫ్రిజ్ ముందు నిలబడ్డాను. నా బిడ్డ రాసిన అక్షరాలు, నేను చెప్పి రాయించిన మాటలు. నాలుగేళ్ల పనిని ఒక్క పాయింటు తూకానికి వేసి, మూసలో పోసి పెట్టింది నేనే. ఆయనకు లేని ఆ కరగబెట్టే చెయ్యి నాకు ఉంది. ఆ కాగితాన్ని గోటితో గీకి తీసి, నాలుగు ముక్కలు చేశాను.

తను వచ్చి ఖాళీ చోటు చూసింది. "ఈసారీ రాకపోతే ఎట్లమా?" అంది, మెల్లగా.

"రాకపోతే ఏముంది? మళ్లీ పోతావు" అన్నాను.

మా అమ్మాయి ఎంపికైంది. ఆ సంగతి అందరికీ చెబుతాను. కాగితం చించింది అంతకు వారం ముందు అనే సంగతి మాత్రం ఇప్పుడే చెబుతున్నాను. ఆ రెండూ ముందువెనకలై ఉంటే, ఎన్ని పతకాలు ఇంటికొచ్చినా నేను నా బిడ్డ కళ్లలోకి చూడగలిగేదాన్ని కాదు.