ఒకే గాజు మీద రెండు పొరలు

అమెరికాలో, మోరిస్‌విల్‌లోని మా ల్యాబ్‌లో రేణు అంత సన్నగా కోసేవాళ్ళు లేరు. జీర్ణాశయంలోనో పేగులోనో పెరిగిన కణితి ముక్క మైనపు దిమ్మలో బిగిసి వస్తుంది. దాన్ని ఉల్లిపొర కన్నా పలచగా కోసి, గోరువెచ్చని నీళ్ళ మీద తేలేసి, గాజు స్లైడ్ మీదికి ఎత్తుతుంది. తర్వాత రంగు పట్టిస్తుంది. వెతుకుతున్న ప్రొటీన్ ఉన్నచోట గోధుమరంగు తేలుతుంది. అది ఎంత ముదురుగా ఉందో చూసి, ఆ మనిషికి కణితి తిరగబెట్టే ముప్పు ఎంతో డాక్టర్లు అంచనా కడతారు.

ఆమెది నంద్యాల. నలభై ఆరేళ్ళు. మాట తక్కువ. నాది ఆమె పక్క బల్ల. మా పాపకు జ్వరమని డేకేర్ నుంచి ఫోన్ వచ్చినప్పుడల్లా నా స్లైడ్లు కూడా తనే ముగించేది. "పో, ఇక్కడ నిలబడి వణికితే జ్వరం తగ్గుతుందా?" అనేది. అంత మెత్తని మనిషి ఆరేళ్ళుగా ఒక పగ మోస్తోందని నాకు ఈ ఫిబ్రవరి దాకా తెలియదు.

ఆ పగ చక్రపాణి అనే పరిశోధకుడి మీద. 2019లో ఆమె అతని కింద, వేరే ల్యాబ్‌లో పనిచేసేది. జీర్ణాశయ కణితిలో ఒక ప్రొటీన్ తక్కువగా ఉంటే అది తిరగబెట్టదని నిరూపించాలని అతని ఆరాటం. నూటపన్నెండు మంది రోగుల కణితులు. కొత్తగా కోయాలంటే రెండు నెలలు పడుతుందని, ఏడాదిన్నర కిందట ఆమె కోసిపెట్టిన స్లైడ్లను బీరువాలోంచి తీయించాడు.

"సార్, కోసిన పొర నిలవ ఉంటే ప్రొటీన్ చెడిపోతుంది. ఉన్నా లేనట్టే కనపడుతుంది. మళ్ళీ కోస్తాను" అంది రేణు.

అతను పదిమంది ముందు నవ్వాడు. "అమ్మా రేణూ, కోయడం నీ పని, చూడడం నా పని. బెండకాయలు తరిగినట్టు తరిగి ఇటివ్వు, చాలు." అందరూ నవ్వారు. తెలుగువాళ్ళు ఇంకాస్త ఎక్కువ నవ్వారు.

తర్వాత ఇంకో ల్యాబ్ సరిచూస్తే మూడో వంతు స్లైడ్లలో వాళ్ళ ఫలితం అతని ఫలితంతో కుదరలేదు. చక్రపాణి రిపోర్ట్‌లో ఒక్క వాక్యం రాశాడు: టెక్నీషియన్ రంగు సరిగా పట్టించలేదు. అతని సిద్ధాంతం నిలిచింది, ఆమె ఉద్యోగం పోయింది. హెచ్‌వన్‌బి వీసా మీద ఉన్నవాళ్ళకు అక్కడి నుంచి అరవై రోజులే గడువు; ఈలోగా ఇంకో ఉద్యోగం దొరక్కపోతే దేశం వదలాలి. భర్త రఘు వీసాకు ఆమె వీసాయే ఆధారం. కూతురు ఇషా అప్పుడు రెండో తరగతి. యాభైమూడో రోజున మా ల్యాబ్ ఆమెను తీసుకుంది.

పగ కన్నా ఆమెను ఎక్కువ తిన్నది అనుమానం. ఒకవేళ తప్పు నిజంగా తన చేతిదేనేమో?

ఈ ఫిబ్రవరిలో ఒక కంపెనీ ఆ ప్రొటీన్‌తో పరీక్ష తయారుచేస్తామంటూ, సరిచూడమని అవే దిమ్మలు, రంగు పట్టించకుండా మిగిలిన అప్పటి పాత స్లైడ్లు మాకు పంపింది. కంపెనీకి సలహాదారు చక్రపాణి. పెట్టెల మీద తారీఖులు రేణు చేతిరాతలో ఉన్నాయి.

ఆరోజు కథంతా చెప్పింది. నాకు ఒళ్ళు మండింది. "అక్కా, రంగు కొంచెం చెడగొట్టు. అతని పరీక్ష అక్కడికక్కడే చస్తుంది" అన్నాను. ఉత్తినే అనలేదు.

"పిచ్చిదానా, చెడగొడితే వాడు రాసిందే నిజమవుతుంది."

ఆమె చేసింది వేరు. ఒక్కో పాత స్లైడ్ చివర ఖాళీగా ఉన్నచోట, అదే దిమ్మ నుంచి తాజాగా కోసిన పొర ఎక్కించింది. ఒకే గాజు, ఒకే రంగు, ఒకే గడియారం. రెండింటిలో తేడా వస్తే చేతిని అనడానికి వీల్లేదు. తేడా రాకపోతే మాత్రం ఆరేళ్ళ కిందటి వాక్యం ఆమె నుదుటి మీద శాశ్వతంగా ఉంటుంది.

మొదటి స్లైడ్ కడిగి తీసినప్పుడు చూడలేక నా చేతికిచ్చింది. పాత పొర వెలిసిన చీరలా ఉంది. తాజా పొర కాఫీ డికాక్షన్ రంగు.

"చెప్పవే!"

"ముదురుగా ఉంది అక్కా."

ఆమె స్లైడ్ లాక్కుని వెలుతురుకు పెట్టి చూసింది.

ఏది పాతదో చెప్పకుండా మా డాక్టర్ స్మృతి చేత చదివించాం. ఇక్కడే పుట్టి పెరిగిన పిల్ల. "రేణు ఆంటీ, దిస్ ఈజ్ క్రేజీ. వన్ సైడ్ మొత్తం ఫేడ్ అయింది" అంది. పాత పొరల్లో ప్రొటీన్ తక్కువన్న నలభై మందిలో ముప్పైఒక్కరికి తాజా పొరలో నిండా ఉంది. ఈ పరీక్ష బజారుకు వస్తే అలాంటివాళ్ళను భయం లేదని ఇంటికి పంపేవాళ్ళు.

కంపెనీవాళ్ళతో మీటింగ్‌లో మొదటి స్లైడ్ తెర మీద పడగానే చక్రపాణి ముఖం బిగిసింది. "హూ డిడ్ ద స్టెయినింగ్?" అన్నాడు.

వెనక వరసలోంచి రేణు లేచింది. "కోసిందీ, రంగు పట్టించిందీ నేనే సార్. చూడండి. చూడడం మీ పని కదా."

పార్కింగ్ లాట్‌లో అతను వెంటపడ్డాడు. "రేణు గారూ, మనం మనం ఒకటి. ఒకసారి మా ఇంటికి రండి, మాట్లాడుకుందాం."

"మొదట ఆ వాక్యం తప్పని మీ పేరుతో రాయండి. అప్పట్లో ఆ రిపోర్ట్ ఎవరెవరికి వెళ్ళిందో, వాళ్ళందరికీ ఇదీ వెళ్ళాలి."

"రాస్తే ఈ కన్సల్టింగ్ పోతుందమ్మా."

"పోనీండి. మీకు సిటిజన్‌షిప్ ఉంది, అరవై రోజుల భయం లేదు. నింపాదిగా వెతుక్కోండి."

మూడో రోజున మెయిల్ వచ్చింది. వాక్యం తప్పని ఉంది, కింద అతని పేరుంది. రేణు దాన్ని రఘుకు ఫోన్‌లో రెండుసార్లు చదివి వినిపించింది.

"ఇక క్షమించేస్తావా?" అని అడిగాడట రఘు.

"క్షమించమని ఇందులో ఎక్కడా అడగలేదు" అంది. ఫోన్ పెట్టేసి, తర్వాతి దిమ్మను కత్తి ముందు బిగించింది.