మెట్లు దిగి వచ్చిన అక్క

నా చిన్నప్పుడు ఒక వానాకాలమంతా మా అమ్మ ఎవరితోనూ మాట్లాడలేదు. అప్పటికి తమ్ముడు పుట్టి నెల దాటింది. వాడు గుక్కపట్టి ఏడుస్తున్నా అమ్మ గోడవైపు తిరిగి పడుకునే ఉండేది. అన్నం పెడితే తినేది కాదు. తల దువ్వుతానంటే వద్దనేది కూడా కాదు. ఒక మధ్యాహ్నం బావి దగ్గర ఒంటరిగా నిలబడి ఉంటే పక్కింటివాళ్లు చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకొచ్చారు. అప్పటినుంచి నన్ను బడి మాన్పించి అమ్మ దగ్గర కూర్చోబెట్టారు. నేను ఐదో తరగతి.

మాది మొయినాబాద్. బాపు చేవెళ్ల రోడ్డు మీద ఆటో నడిపేవాడు. పొలాల చుట్టూ ఫామ్‌హౌస్‌ల గోడలు లేస్తున్న రోజులవి. ఎక్కడ చూసినా కంప్యూటర్ కోర్సుల బోర్డులే. మా మేడమీద కోస్తా నుంచి వచ్చిన ఒక కుటుంబం కిరాయికి ఉండేది. ఆ ఇంటాయన ఇంజినీరింగ్ కాలేజీలో పాఠాలు చెప్పేవారు. ఆయన కూతురిని నేను అక్కా అని పిలిచేదాన్ని. హైటెక్ సిటీలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. పొద్దున్నే ఆమె కోసం కంపెనీ కారు వచ్చేది. మా వాడకట్టు తల్లులంతా ఆమెను చూపించే పిల్లల్ని చదువుకొమ్మనేవాళ్లు.

అమ్మకు గాలి సోకిందని నాయనమ్మ నమ్మింది. తాయెత్తు కట్టించింది, దిష్టి తీయించింది. ఏమీ కాకపోయేసరికి ఒక ఆదివారం గాలి వదిలించే మనిషిని పిలిపించింది. అతను అమ్మను వాకిట్లో కూర్చోబెట్టి, జుట్టు విప్పించి, వేపమండలతో కొట్టడం మొదలుపెట్టాడు. అమ్మ కదల్లేదు. దాంతో అతను చింతబరికె తెమ్మన్నాడు. చుట్టుపక్కల ఆడవాళ్లంతా గుమిగూడారు. బాపు గుమ్మంలో తల దించుకుని నిలబడ్డాడు.

అప్పుడు మేడమీద అక్క మెట్లు దిగి వచ్చి అమ్మకు అడ్డంగా నిలబడింది.

"కొట్టకండి. ఈవిడకి ఏ గాలీ పట్టలేదు. ఇది జబ్బు. నాకూ వచ్చింది."

నాయనమ్మ నమ్మలేదు. "నీకేమైంది బిడ్డా? మంచిగ కారెక్కి పోతున్నవ్. జర పక్కకు జరుగు."

"పోయినేడు సెలవు పెట్టి ఇంట్లో పడి ఉన్నాను కదా మామ్మగారూ, కామెర్లని చెప్పాం అందరికీ. కామెర్లు కాదు. మంచం దిగలేకపోయేదాన్ని. చచ్చిపోదామనుకున్నాను. ఇప్పటికీ రోజూ మాత్రలు వేసుకుంటున్నాను. వాటివల్లే ఆ కారు ఎక్కగలుగుతున్నాను."

"నోరు ముయ్యవే!" అని మేడమీంచి వాళ్లమ్మ అరిచింది. అక్క ఆగలేదు. నేలమీద కూర్చుని, అమ్మ మొహం మీద పడ్డ జుట్టు వెనక్కి తీసి, మెల్లగా అడిగింది: "చచ్చిపోవాలనిపిస్తోందా అక్కా?"

మా ఇంట్లో అందరం భయపడుతున్నది ఆ మాటకే. అందుకే ఎవరమూ అడగలేదు. అమ్మ తల ఊపింది. ఊపి, బిగ్గరగా ఏడ్చింది.

బాపు గుమ్మం దిగాడు. "ఇగ చాలు అవ్వా. నేను దవాఖానకు తీస్కపోత." అక్క కూడా ఆటోలో అమ్మను పట్టుకుని పట్నం దాకా వెళ్లింది.

మాత్రలు మొదలుపెట్టగానే అమ్మ మారిపోలేదు. కొన్నాళ్లు మత్తుగా ఉండేది, కొన్నాళ్లు వద్దని విసిరికొట్టేది. చలి ముదిరాక ఒక పొద్దున తనంతట తానే తమ్ముణ్ని ఒళ్లోకి తీసుకుంది. నాయనమ్మ వాళ్లిద్దరి మీదా దుప్పటి కప్పింది.

కానీ ఆ ఆదివారం మాటలు మా వాకిట్లోనే ఆగలేదు. అక్కకు కుదిరిన సంబంధం తప్పిపోయింది. పిచ్చిపిల్లను అంటగడతారా అని మగపెళ్లివారు కబురు పెట్టారట. అమ్మ నన్ను వెంటబెట్టుకుని మేడమీదికి వెళ్లింది. "మా కోసం చెప్పినవు. నీ బతుకు ఆగమైపాయె," అంటూ అక్క చేతులు పట్టుకుంది.

అక్క కళ్లు వాచి ఉన్నాయి. "బాధ లేదని అబద్ధం చెప్పను. మళ్లీ అలాంటి రోజొస్తే దిగుతానో లేదో కూడా తెలీదు. ఆవేళ మాత్రం మెట్లమీద నిలబడి చూడలేకపోయాను."

కొన్నాళ్లకు వాళ్లు పట్నానికి మారిపోయారు. ఆ తర్వాత అక్క కాలేజీలకు తిరిగి తన జబ్బు గురించి చెప్పడం మొదలుపెట్టింది. మొయినాబాద్ కాలేజీలో మాట్లాడిన రోజు నేనూ అమ్మా వెళ్లాం. వెనక వరసల్లో పిల్లలు నవ్వారు. ఎవరో ఈల వేశారు. తనకు నయమైపోయిందని చెప్పి ఉంటే చప్పట్లు కొట్టేవారేమో. జబ్బు మళ్లీ వచ్చిందనీ, మళ్లీ దవాఖానలో చేరి వచ్చాననీ ఉన్నదున్నట్టు చెప్పింది. సభ అయ్యాక ఒక్క అమ్మాయి మాత్రం వెళ్లకుండా తలుపు దగ్గర నిలబడి ఉంది. అక్క ఆమె దగ్గరికి వెళ్లింది.

నాకు సంబంధాలు చూసేటప్పుడు, మొదట వచ్చినవాళ్లకు అమ్మ జబ్బు సంగతి నేనే చెప్పాను. నాయనమ్మ వద్దని సైగ చేస్తూనే ఉంది. వాళ్లు చాయ్ కూడా తాగకుండా లేచి వెళ్లిపోయారు. ఆ సాయంత్రం నాకు ఏడుపు ఆగలేదు. అమ్మ పక్కన కూర్చుని వీపు నిమురుతూ ఉండిపోయింది. ఆ సంగతి దాచి ఉంటే, ఆ ఇంటికి కోడలిగా వెళ్లి, ఎన్నో ఏడుపులు ఒంటరిగా ఏడవాల్సి వచ్చేదని నాకు తెలుసు.