రెండు మెట్లు కిందికి

కూర్చుంటే కూర్చోబుద్ధి కాదు, లేస్తే నిలబడబుద్ధి కాదు. నా స్నేహితుడు పోయి ఇన్నేళ్లయినా కీబోర్డు దగ్గరికి వెళ్తే నాకు ఇదే వరస. మా ఆవిడ చూసి చూసి, "వాయిస్తే వాయించండి, లేదా మూటగట్టి అటకెక్కించండి. గదంతా ఆ తిరుగుడేంటి?" అంటుంది. నేను గయ్యిమంటాను. నిజానికి ఆ కోపం ఆమె మీద కాదు.

మాది సికింద్రాబాద్‌లో పద్మారావు నగర్. నాన్నగారు కోస్తా నుంచి వచ్చి ఇక్కడ మందుల దుకాణం పెట్టారు. వాడు ఇక్కడే కార్ఖానా బస్తీలో పుట్టి పెరిగాడు, బడిలో లెక్కల మాస్టారు, చర్చిలో గాయకుడు. నాకు గుడికి వెళ్లే అలవాటే అంతంత మాత్రం, చర్చి సంగతి చెప్పక్కర్లేదు. అయినా ఇరవై ఏళ్లు ప్రతి ఆదివారం వాళ్ల చర్చిలో వాయించాను. కేవలం వాడి గొంతు కోసం. మిగతా రోజుల్లో పెళ్లిళ్లకు సినిమా పాటలు. మా పాటల పార్టీ మొత్తం మేమిద్దరమే.

వాడికి ఉన్న గర్వమల్లా శ్రుతి. "మగోళ్లల్ల గింత పైశ్రుతిల పాడెటోడు సికింద్రాబాద్ మొత్తంల ఎవడున్నడో చూపియ్ రా!" అని సవాలు చేసేవాడు. ఒప్పుకోవాలి, ఎవడూ లేడు. పాట ముందు నా వేళ్లు ఏ మెట్టు మీద ఉన్నాయో ఒకసారి చూసి, కళ్లు మూసుకుని ఎత్తుకునేవాడు.

యాభై దాటాక ఆ గొంతు మొరాయించడం మొదలుపెట్టింది. ఒక పెళ్లిలో పైకి వెళ్లి అక్కడే చీలిపోయింది. నాకు ముచ్చెమటలు పట్టాయి. వాడు మంచినీళ్లు తాగి, "జెర జలుబు చేసినట్టుంది" అన్నాడు. జలుబు కాదని నాకు తెలుసు. చెప్పాలి కదా? చెప్పలేదు. కీబోర్డుకు ఒక బటన్ ఉంటుంది. అది నొక్కితే వేళ్లు పాత మెట్ల మీదే ఆడతాయి, శ్రుతి మాత్రం దిగుతుంది. తర్వాతి ఆదివారం ఒక మెట్టు దింపాను. ఆర్నెల్లకు ఇంకొకటి. వాడు ఎప్పట్లాగే నా వేళ్లు చూసుకుని హాయిగా పాడాడు. "చూసినవా, గొంతు మల్ల వచ్చింది!" అని నా వీపు మీద ఒక్కటి చరిచాడు. ఆ మొహం చూసి నేనేదో పెద్ద పుణ్యం మూటగట్టుకున్నాననుకున్నాను.

క్రిస్మస్‌కు ముందు ఒక ఆదివారం మధ్యాహ్నం, పాటల ప్రాక్టీసు. చర్చి పాటల బృందం, క్వయరంతా ఉంది. ఉన్నట్టుండి కరెంటు పోయింది. కీబోర్డు చచ్చింది.

"పియానో ఉంది గద, కానియ్" అన్నాడు వాడు.

మూలనున్న పాత పియానో ముందు కూర్చున్నాను. నా బుద్ధి ఏ గడ్డి తిన్నదో గానీ, వేళ్లు అలవాటుగా అవే మెట్ల మీదికి పోయాయి. పియానోకు బటన్ ఎక్కణ్ణుంచి వస్తుంది? పాట రెండు మెట్లు పైన మొదలైంది. మొదటి చరణంలోనే వాడి గొంతు అందరి ముందూ పగిలింది. మళ్లీ ఎత్తుకున్నాడు. మళ్లీ పగిలింది. ఒకసారి పియానో వైపు, ఒకసారి కీబోర్డు వైపు చూశాడు. లెక్కల మాస్టారు, ఎంతసేపు పడుతుంది?

"ఎన్ని దినాల సంది రా?"

"ఏడాది దాటింది."

"నాకు చెప్తే ఏమయితుండె?"

వాడు నాలుగు తిట్టినా బాగుండేది. పాటల పుస్తకం మూసి, బెంచీ మీద పెట్టి వెళ్లిపోయాడు.

ఇక వాడు పాడలేదు. పెళ్లిళ్లకు రానన్నాడు. చర్చిలో వెనక వరుసలో కూర్చుని పెదవులు కూడా కదిపేవాడు కాదు. ఇంటికి వెళ్తే చాయ్ ఇచ్చేవాడు, క్రికెట్ మాట్లాడేవాడు, పాట మాటెత్తితే మాత్రం ట్యూషన్ పిల్లలు వస్తారని లేచేవాడు. ఒకరోజు ఉండబట్టలేక, "నీ పరువు కోసమే కదరా చేసింది!" అని అరిచాను.

"నా పరువు నేను చూసుకుంటుంటి" అన్నాడు. అంతే.

ఎండాకాలం రాకముందే గుండెపోటుతో పోయాడు.

భూస్థాపన రోజు చర్చిలో వాళ్లావిడ నన్ను పిలిచింది. "అన్నయ్యా, ఆయన పాట వాయించండి. పాత శ్రుతిలోనే" అంది. అంటే వాడు ఆమెకు అంతా చెప్పాడన్నమాట. పాస్టర్ అయ్యగారు ప్రార్థన ముగించి నా వైపు తల ఊపారు. బటన్ నొక్కి శ్రుతిని మొదట ఉన్నచోటికి ఎక్కించాను. క్వయర్ పల్లవిని ఎలాగో లాక్కొచ్చింది. చరణం దగ్గర మగవాళ్ల గొంతులన్నీ చీలిపోయాయి. ఒకాయన దగ్గుతూ ఆగి మళ్లీ అందుకున్నాడు. ముందు వరుసలో వాళ్లావిడ, గొంతు జీరపోయి, శ్రుతీ గిరుతీ చూసుకోకుండా చివరిదాకా పాడింది. ఎవరూ నవ్వలేదు, ఎవరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

ప్రాక్టీసు రోజున కూడా ఎవరూ నవ్వలేదు. వాడు రెండోసారి ఎత్తుకుంటుంటే అందరూ ఓపిగ్గా ఆగారు. వాడి గొంతు పగిలిందని సిగ్గుతో చచ్చిపోయినవాణ్ణి నేనొక్కణ్ణే. వాడి పరువని పేరు పెట్టి నేను కాపాడుకున్నది నాది.

పాట అవగానే ఆ మాట వాడితో చెప్పేద్దామని పెట్టె దగ్గరికి గబగబా నడిచాను. అప్పటికే మూత వేసి మేకులు కొడుతున్నారు.